మా దుకాణం పేరుతో అమ్ముడైన ‘అరుదైన’ రేడియోల గురించి మా ఖాతాదారులకు

మా దగ్గర ఏళ్ల తరబడి రేడియోలు బాగుచేయించుకుంటున్నవారికీ, కొంటున్నవారికీ నమస్కారం.

మేము బాగుచేసిన పాత రేడియోలను ఆన్‌లైన్‌లో అమ్మిపెడుతున్న నగరంలోని ఒక వ్యాపారితో ఒప్పందాన్ని రద్దు చేసుకున్నాం. ఇకమీదట ఏ వెబ్‌సైటులోనైనా మా పేరుతో రేడియో కనిపిస్తే అది మాది కాదని గ్రహించగలరు. ధర నిర్ణయించే పద్ధతిని కూడా మార్చుకున్నాం. ఈ రెండు సంగతులనూ రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవచ్చు. అయితే మా నాన్నగారి కాలం నుంచి అమలాపురంలో ఒకే బల్ల ముందు కూర్చుని సంపాదించుకున్న పేరును మరొకరు ఎలా వాడుకున్నారో మీకు మా నోటితోనే చెప్పడం న్యాయం. కొందరు ఇప్పటికే వేరేవారి ద్వారా విని, అడగలేక అడిగారు కూడా.

ఒప్పందం చాలా సరళమైనది. మేము ఒక్కొక్క రేడియో గురించి రాసిచ్చిన వివరాన్ని ఆయన ఉన్నది ఉన్నట్టు ప్రకటించాలి, మేము చెప్పిన ధర మీద తన కమీషను మాత్రం కలుపుకోవాలి. మొదట్లో అలాగే జరిగింది. తర్వాత అంబాజీపేటలో ఒక కొబ్బరి వర్తకుల ఇంటి నుంచి మాకు వచ్చిన ఫిలిప్స్ చెక్కపెట్టె రేడియోను పంపించాం. దానితోపాటు మేము రాసిచ్చిన కాగితంలో ఇలా ఉంది: “1960ల నాటిది. కాగితం కండెన్సర్లన్నీ మార్చాం. స్పీకరు కోను ఒకచోట అతికించాం. పాలిష్ కొత్తది. వెనుక అట్ట అసలుది కాదు. మీడియం వేవ్ బాగా పలుకుతుంది, షార్ట్ వేవ్ ఒక బ్యాండు బలహీనంగా ఉంది.” మేము చెప్పిన ధర 9,500 రూపాయలు. ప్రకటనలో కనిపించింది మాత్రం వేరు: “అత్యంత అరుదైన పురాతన కళాఖండం, జమీందారు కోట నుంచి సేకరించినది, దిగుమతి వాల్వులు, ఏ భాగమూ మార్చనిది, ప్రపంచంలో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.” ధర 38,000. దాని కింద మా దుకాణం పేరు.

ఆ ప్రకటనలో నిలబడే మాట ఒక్కటీ లేదు. మన దేశంలో పురావస్తువుల చట్టం 1972లో వచ్చింది, దాని ప్రకారం ఇలాంటి వస్తువు పురావస్తువు అనిపించుకోవాలంటే కనీసం నూరేళ్లు నిండి ఉండాలి. ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ బొంబాయి కేంద్రాన్ని ప్రారంభించిందే 1927 జూలై 23న. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. మన ఇళ్లలో దొరికే రేడియోల్లో చాలా వరకు ఆ తర్వాతివే. ఇక దిగుమతి వాల్వుల సంగతి. వాల్వులంటే పాత రేడియోల్లో ట్రాన్సిస్టర్ల పని చేసే గాజు గొట్టాలు. ఆ పెట్టెలో ఉన్న వాల్వుల గాజు మీద భారత్ ఎలక్ట్రానిక్స్ ముద్ర కళ్లజోడు లేకుండానే కనిపిస్తుంది. ఆ సంస్థ బెంగళూరులో ఈ వాల్వులను తయారుచేసి దేశమంతటికీ అందించింది, ఇప్పటికీ పాత దుకాణాల అరల్లో అట్టపెట్టెల్లో కొత్తవి దొరుకుతూనే ఉంటాయి. ఫిలిప్స్, మర్ఫీ, బుష్ కంపెనీల రేడియోలు మన ప్రాంతంలో కాస్త కలిగిన ప్రతి వీధిలోనూ ఉండేవి. వరి, కొబ్బరి చేతికి వచ్చిన ఏడు రేడియో కొనడం ఒక ఆనవాయితీ. అంత విరివిగా ఉన్న వస్తువును అరుదైనది అనడం, దానిని ప్రేమగా దాచుకున్న ఇళ్లన్నింటినీ లేనట్టు చేయడమే.

“ఏ భాగమూ మార్చనిది” అన్న మాట అన్నిటికంటే ప్రమాదకరమైనది కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. కండెన్సరంటే కరెంటును తాత్కాలికంగా నిల్వ ఉంచే చిన్న భాగం. అరవై ఏళ్ల నాటి కాగితం కండెన్సరు కరెంటును ఆపవలసిన చోట ఆపలేదు, కారనిస్తుంది. అది చివరి వాల్వు దగ్గర ఉన్నదైతే వాల్వు వేడెక్కిపోయి, దానితోపాటు ట్రాన్స్‌ఫార్మరు కూడా కాలిపోవచ్చు. పైగా మన కోనసీమ గాలిలో తేమ, సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు. వెంట్రుక లాంటి రాగి తీగ చుట్టిన కాయిళ్లు ఆకుపచ్చగా చిలుము పట్టి తెగిపోతాయి. 1986 ఆగస్టు గోదావరి వరదలో మునిగిన ఇళ్ల నుంచి వచ్చిన రేడియోలు ఇప్పటికీ మా దగ్గరకు వస్తుంటాయి, చాసిస్ మీద, అంటే భాగాలన్నీ బిగించి ఉండే లోపలి ఇనుప చట్రం మీద, నీరు నిలిచిన ఎత్తున తుప్పు గీత ఉంటుంది. అలాంటి వాటిలో ఏమీ మార్చకుండా పాట పలికించడం ఎవరి వల్లా కాదు. మార్చలేదని చెప్పి అమ్మేవారు మార్చిన సంగతి దాస్తున్నారు, లేదా కొనేవారు నేరుగా ప్లగ్గు పెట్టి కాల్చుకునేటట్టు చేస్తున్నారు.

ఆ ప్రకటన మాకంటే ముందు మండపేటలోని మా పాత ఖాతాదారు ఒకరు చూశారు. ఆయన ఫోను చేసి, “ఏమండీ, మీరు కూడా మొదలుపెట్టారా?” అని మాత్రం అడిగారు. కోప్పడి ఉంటే ఇంత బాధ కలిగేది కాదు. ఆ రోజే వ్యాపారితో మాట్లాడాం. “మీరు రేడియోను అమ్ముతున్నారు, నేను కథను అమ్ముతున్నాను, జనం కొనేది కథనే” అన్నది ఆయన సమాధానం. రేడియోను తిరిగి పంపించమని, మా పేరు తీసివేయమని రాతపూర్వకంగా అడిగాం. రేడియో వచ్చింది, మా పేరు మాత్రం పోలేదు.

ఆ తర్వాత జరిగినదే నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది. తణుకు నుంచి ఒక దంపతులు గుడ్డలో చుట్టిన రేడియోను తీసుకుని వచ్చారు. “మీ దగ్గర బాగైనదేనండి, కాస్త హోరు వస్తోంది” అన్నారు. ఆ పెట్టెను మేము అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ప్లగ్గు పెట్టగానే, పెట్టిన క్షణమే, పాట మొదలైంది. వాల్వు రేడియో అలా పలకదు. వాల్వుల లోపలి సన్న తీగలు, అంటే ఫిలమెంట్లు, వేడెక్కే దాకా కొంతసేపు మౌనంగా ఉండి, తర్వాత దూరం నుంచి వస్తున్నట్టు మెల్లగా గొంతు విప్పుతుంది. వెనుక అట్ట తీసి వాల్వుల మీద చెయ్యి పెట్టాను. పాట వస్తూనే ఉంది, వాల్వులు చల్లగా ఉన్నాయి. ఒక్కొక్క వాల్వు కింద చిన్న నారింజ రంగు ఎల్‌ఈడీ దీపం అతికించి ఉంది, బయటి నుంచి చూస్తే ఫిలమెంటు వెలుగుతున్నట్టు కనిపించడానికి. ట్రాన్స్‌ఫార్మరు ఉండవలసిన చోట నాలుగు స్క్రూ రంధ్రాలే మిగిలాయి. లోపలి కాయిళ్లు, స్టేషన్లు మార్చే గ్యాంగు కండెన్సరు అన్నీ పీకేసి, అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్దదైన ఎఫ్‌ఎం బోర్డును జిగురుతో అంటించారు. డయల్ ముల్లు తిరుగుతుంది గానీ అది దేనికీ కలపబడి లేదు. డయల్ గ్లాసు మీద ఢిల్లీ, మద్రాసు, సిలోను అని అందంగా రాసి ఉన్నా ముల్లు ఏ ఊరి మీద ఉన్నా అదే పాట వస్తోంది. అడుగున మా దుకాణం పేరుతో అచ్చు వేయించిన చీటీ, “నిపుణులచే పునరుద్ధరించబడినది” అన్న మాటతో సహా. వారు దానికి 26,000 రూపాయలు ఇచ్చారు. ఆమె తండ్రిగారు విజయవాడ వార్తలు వినే రేడియో లాంటిదని కొన్నారట.

వారిని ఏమి చెప్పి పంపాలన్నది నేను ఈ వృత్తిలో ఎదుర్కొన్న ప్రశ్నలన్నిటిలోనూ కష్టమైనది. మా అబ్బాయి వాదన కొట్టివేయదగినది కాదు. మనం అమ్మలేదు, మనకు ఒక్క రూపాయి రాలేదు, ఒకరికి బాధ్యత వహిస్తే ఆ వ్యాపారి ఎందరికి అమ్మాడో అందరికీ వహించవలసి వస్తుంది, దుకాణం మూసుకోవలసి వస్తుంది అన్నాడు. చట్టం దృష్టిలో చూసినా తప్పుదోవ పట్టించే ప్రకటన ఇచ్చినవాడు బాధ్యుడు, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఆ మాట స్పష్టంగానే చెబుతోంది. ఇంకొక వాదన కూడా మా అబ్బాయే చెప్పాడు: కొనేవాడు ఇష్టపడి ఇచ్చిన ధర ఎంతైనా అది న్యాయమైన ధరే కదా అని. దీని మీద రాత్రులు ఆలోచించాను. నిజం తెలిసి ఇష్టపడితే ఆ మాట ఒప్పుకుంటాను. ఒక మనిషి తన తాతగారి రేడియో లాంటిది దొరికిందని సంతోషించి నా 9,500కు బదులు 15,000 ఇస్తానంటే అది ఆయన ఇష్టం. అబద్ధం విని ఇచ్చిన డబ్బుకు ఇష్టం అన్న మాట వర్తించదు. ఆ అబద్ధానికి సాక్షిగా నా పేరు నిలబెట్టినప్పుడు, నేను అమ్మలేదని చెప్పి తప్పుకోవడానికి నాకు మనసొప్పలేదు. డబ్బు తిరిగి ఇచ్చే స్తోమత మాకు లేదు, ఇవ్వవలసినవాడు వేరే ఉన్నాడు కూడా. అయితే ఆ పెట్టెలో నిజమైన రేడియో ఉండేటట్టు చేయడం నా చేతిలో పని.

అందువల్ల మా దగ్గర విడిభాగాల కోసం దాచుకున్న వాటిలో ఆ పెట్టెకు సరిపోయే చాసిస్ ఒకటి వెతికి బిగించాం. ఈసీహెచ్ 81, ఈఎల్ 84 వాల్వులకు, కొత్త కండెన్సర్లకు అయిన ఖర్చు మాత్రమే తీసుకున్నాం, కూలి తీసుకోలేదు. డయల్ దారం కట్టి, విజయవాడ కేంద్రం పలికే 837 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు ఎక్కడ నిలవాలో సరిచూసి ఇచ్చాం. ఆ బోర్డు, దీపాలు, ఆ చీటీ మా దగ్గరే ఉంచుకున్నాం. ఆ దంపతులు వినియోగదారుల కమిషనుకు వెళ్లదలచుకుంటే వాటితో పాటు మా సాక్ష్యమూ సిద్ధం. మా పేరు చీటీతో రేడియో కొన్న ప్రతి ఒక్కరికీ ఇదే వర్తిస్తుంది. చాసిసులు ఉన్నంతవరకే చేయగలం. మా అబ్బాయి ఇప్పటికీ ఒప్పుకోలేదు. నేను మాత్రం మార్చుకోను.

ధరల విషయం. కొందరు ఖాతాదారులు తమ ఇంట్లోని రేడియో ఫొటో పంపి, ఆన్‌లైన్‌లో ఇలాంటిదే లక్ష ఉంది, మీరు ఆరు వేలంటారేమిటి అని అడుగుతున్నారు. వారి నిష్ఠూరం నాకు అర్థమవుతుంది. అయితే అక్కడ కనిపించేది అడుగుతున్న ధర, కుదిరిన ధర కాదు. ఆ ప్రకటన నెలల తరబడి అలాగే ఉంటుంది, దానిని చూసి ఇంకొకరు అంతకు రెండింతలు రాస్తారు, ఆ రెండింటినీ చూపించి మూడోవారు ఇదే మార్కెట్టు ధర అంటారు. అంబాజీపేట మార్కెట్టులో కొబ్బరికాయకు ఎంత చెప్పారన్నది ఎవరూ పట్టించుకోరు, ఎంతకు తెగిందన్నదే ధర. ఇకపై మా దగ్గర ప్రతి రేడియోకూ పెట్టె కొన్న ధర, మార్చిన భాగాల ఖర్చు, మా కూలి విడివిడిగా కాగితం మీద రాసి ఇస్తాం. ఆ కాగితంలో ‘అరుదైన’ అన్న మాట ఉండదు, నిజంగా అరుదైనదైతే ఎందుకు అరుదో రాస్తాం.

అరుదైనవి లేవని నేను అనడం లేదు. వెల్స్ కోట్స్ అనే రూపశిల్పి రూపకల్పన చేయగా ఇంగ్లండులోని ఎక్కో కంపెనీ 1934లో తెచ్చిన గుండ్రని బేకలైటు (తొలితరం ప్లాస్టిక్) రేడియో ఏడీ 65 ఉంది. అందులోనూ గోధుమ, నలుపు రంగులవి కాక వేరే రంగులవి చాలా తక్కువ. అమెరికాలో 1940ల నాటి క్యాటలిన్ అనే ప్లాస్టిక్ పెట్టెలు కాలక్రమంలో కుంచించుకుపోయి పగిలిపోయేవి కాబట్టి చెక్కుచెదరనివి తక్కువగా మిగిలాయి. అక్కడ అరుదుకు ఒక కారణం ఉంది, దానిని వేలితో చూపించవచ్చు. మన ఇళ్ల రేడియోకు విలువ తెచ్చేవి వేరే ఉన్నాయి: పగలని డయల్ గ్లాసు, చెద ముట్టని పెట్టె, నాలుగూ ఒకే జతవైన నాబులు, వెనుక అసలు అట్ట, దానితోపాటు తపాలా కార్యాలయంలో ఏటా రుసుము కట్టి ముద్ర వేయించుకున్న లైసెన్సు పుస్తకం. జమీందారు కోట కథకంటే ఆ పుస్తకంలోని ఊరి పేరు ముద్రకే నేను ఎక్కువ విలువ కడతాను, ఎందుకంటే అది ఎవరూ కల్పించినది కాదు.

ఈ మార్పు వల్ల మా అమ్మకాలు తగ్గుతాయి. ఆన్‌లైన్ ద్వారా దూరప్రాంతాల నుంచి వచ్చే ఖాతాదారులు ఇక రారు. మరమ్మతుల మీద బతికిన దుకాణం ఇది, మరమ్మతులతోనే నడుస్తుంది. ఇప్పటికే బయానా ఇచ్చినవారి పనులు ముందు చెప్పిన ధరకే పూర్తవుతాయి.

మా పేరు చీటీ ఉన్న రేడియోను మీరు బయట కొని ఉంటే, దయచేసి ప్లగ్గు పెట్టకుండా దుకాణానికి తీసుకురండి. ఫిలిప్స్ వారి చాలా మోడళ్లలో పేరు చివర ‘ఎ’ అక్షరం ఉంటే అది ఏసీకి మాత్రమే తయారైనది, ‘యు’ ఉంటే ఏసీ, డీసీ రెండింటికీ తయారైనది. రెండో రకంలో చాసిస్ నేరుగా కరెంటుకు కలిసి ఉండవచ్చు, నాబు ఊడి లోపలి ఇనుప కడ్డీ తగిలినా షాక్ కొడుతుంది. పిల్లలున్న ఇళ్లలో మరింత జాగ్రత్త అవసరం. కొన్నప్పటి ప్రకటన ఫోనులో ఉంటే దానిని తుడిచివేయకుండా వెంట తీసుకురండి, పెట్టె విప్పేటప్పుడు మీరు పక్కనే కూర్చుని చూడవచ్చు.