వార్షిక నివేదిక: బ్యారెల్ పొడవు ప్రశ్న మీద మన సంఘం ఏడాది పని

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

కిందటి సర్వసభ్య సమావేశంలో కొత్త సభ్యులు మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్న గుర్తుండే ఉంటుంది. రైఫిల్‌తో వెయ్యి గజాల దూరం కొట్టాలంటే 20 అంగుళాల బ్యారెల్ (గొట్టం) చాలుతుందా, 26 ఉండాలా, ఏకంగా 30కి వెళ్ళాలా? సంఘం రైఫిళ్ళకు అరిగిపోయిన బ్యారెళ్ళు మార్చాల్సిన సమయం కూడా వచ్చింది కాబట్టి జవాబు కార్యవర్గానికీ అవసరమైంది. అందుకే ఈ ఏడాది నివేదికలో ఎక్కువ భాగం దానికే పోయింది. నెలవారీ షూటింగ్‌లు, కొత్తవారి శిక్షణ ఎప్పటిలాగే సాగాయి. జమాఖర్చులు విడిగా జతచేశాం.

సాంకేతిక తరగతులు

"పొడుగు బ్యారెల్ అయితే గురి తప్పదు" అన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. తరగతుల్లో ముందు దాన్నే పక్కన పెట్టించాం. పొడవు ఇచ్చేది వేగాన్ని. గురి వేరే చోట నుంచి వస్తుంది. తూటాలోని మందు అంటుకున్నాక చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) ఒత్తిడి చాలా త్వరగా పతాక స్థాయికి చేరుతుంది. అప్పటికి బుల్లెట్ కదిలింది కొద్ది అంగుళాలే. ఆ తర్వాత వాయువు వ్యాపిస్తూ బుల్లెట్‌ను తోస్తూనే ఉంటుంది గానీ ఆ తోపు అంగుళం అంగుళానికీ తగ్గుతూ పోతుంది. కాబట్టి 18 నుంచి 20కి వెళ్తే వచ్చే లాభం, 28 నుంచి 30కి వెళ్తే రాదు. .308 విన్‌చెస్టర్ లాంటి మధ్యస్థ తూటాకు మనం వాడే పొడవుల్లో అంగుళానికి సుమారు 20 నుంచి 30 అడుగుల వేగం (సెకనుకు) తేడా వస్తుంది. నెమ్మదిగా మండే మందు ఎక్కువగా పట్టే మాగ్నమ్‌లకు పొట్టి బ్యారెల్ వల్ల నష్టం ఇంకా ఎక్కువ. .22 లాంగ్ రైఫిల్‌ది పూర్తిగా వేరే కథ. అందులో ఉన్న మందే చిటికెడు, 16-18 అంగుళాల దగ్గరే దాని పని దాదాపు అయిపోతుంది. అక్కడి నుంచి బ్యారెల్ రాపిడి వేగాన్ని తగ్గిస్తుందే తప్ప పెంచదు.

మరి గురి సంగతి? ఒకే మందం ఉన్న రెండు బ్యారెళ్ళలో పొట్టిదే గట్టిది. ఒక కొస బిగించిన కడ్డీ వంగే తీరు దాని పొడవు ఘనాన్ని బట్టి మారుతుంది. ఆ లెక్కన 20 అంగుళాల బ్యారెల్ 26 అంగుళాల దానికన్నా రెట్టింపుకు పైగా బిర్రుగా ఉంటుంది. మందం ప్రభావం ఇంకా పెద్దది, నాలుగో ఘాతంలో ఉంటుంది. పొడవు పెంచుతూ బరువు పెరగకూడదని సన్నటి బ్యారెల్ ఎంచుకునేవాళ్ళు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు. స్కోప్ లేకుండా ఇనుప సైట్లతో కొట్టేవాళ్ళకు మాత్రం పొడవు నేరుగా పనికొస్తుంది. ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం పెరిగితే గురిలో చిన్న తప్పు కూడా కంటికి ఆనుతుంది. అయితే ఆ లాభం కోసం గాడులున్న బ్యారెలే పొడుగ్గా ఉండక్కర్లేదు. కొసన బోలు గొట్టం తొడిగి, దాని మీద సైటు పెట్టుకునే పద్ధతి టార్గెట్ షూటర్లలో ఉన్నదే.

వెయ్యి గజాల లెక్క

ఇది అందరూ ఎక్కువ ఆసక్తి చూపిన తరగతి. సముద్ర మట్టం దగ్గర, మామూలు వాతావరణంలో .308కి 175 గ్రెయిన్ (సుమారు 11 గ్రాములు) మ్యాచ్ బుల్లెట్ తీసుకుని లెక్క కట్టాం. 26 అంగుళాల బ్యారెల్ నుంచి సెకనుకు 2,600 అడుగులు, 20 అంగుళాల దాని నుంచి 2,450 అనుకున్నాం. వెయ్యి గజాల దగ్గర మొదటిదానికి సుమారు 1,200 అడుగుల వేగం మిగులుతుంది. రెండోది ధ్వని వేగానికి, అంటే 1,116 అడుగులకు, దాదాపు ఆనుకుని ఉంటుంది. ధ్వని వేగం గీత దాటే చోట కొన్ని బుల్లెట్లు తడబడి, గ్రూప్ (టార్గెట్ మీద దెబ్బలు పడే గుంపు) ఉన్నట్టుండి చెదిరిపోతుంది. పొట్టి బ్యారెల్‌తో వెయ్యి గజాల దగ్గర కలిగే అసలు ఇబ్బంది ఇదే. బుల్లెట్ ఎక్కువ కిందకు దిగుతుందన్నది ఇబ్బందే కాదు, దాన్ని స్కోప్ మీద మరికొన్ని క్లిక్కులు తిప్పి సరిచేసుకోవచ్చు. 600 గజాల్లో ఈ బెడద అసలు ఉండదు.

గాలి విషయంలో ఫ్రెంచ్ సైనికాధికారి దిదియోన్ 19వ శతాబ్దంలో ఇచ్చిన సూత్రం చెప్పుకున్నాం. అడ్డగాలి బుల్లెట్‌ను ఎంత పక్కకు నెడుతుందన్నది మొత్తం ప్రయాణ సమయం మీద ఆధారపడదు. గాలే లేని శూన్యంలో పట్టే సమయం కన్నా ఎంత ఆలస్యమైందన్నదే లెక్క. గంటకు 10 మైళ్ళ అడ్డగాలిలో పై రెండు బ్యారెళ్ళ మధ్య వెయ్యి గజాల దగ్గర వచ్చే తేడా పాతిక సెంటీమీటర్లు మించదు. అదే 10 మైళ్ళ గాలిని 8 అని తప్పు చదివితే పడే దెబ్బ 45 సెంటీమీటర్ల చిల్లర! జెండాలు చూసి గాలిని అంచనా వేయడం రానివాళ్ళు బ్యారెల్‌కు ఇంకో నాలుగంగుళాల పొడవు కోసం తపించడం అనవసరమని కార్యవర్గం అభిప్రాయం. ఇది కొందరికి నచ్చలేదు, చర్చ వేడిగానే జరిగింది. 6.5 క్రీడ్‌మూర్ వాడే సభ్యులు మాత్రం నవ్వుతూ కూర్చున్నారు. 2007లో వచ్చిన ఆ తూటాకు గాలిని బాగా చీల్చే పొడుగాటి బుల్లెట్ ఉంటుంది. 24 అంగుళాల బ్యారెల్ నుంచే 1,200 గజాలు దాటినా అది ధ్వని వేగం పైనే ఉంటుంది.

క్రోనోగ్రాఫ్ రోజులు

సభ్యులు తమ రైఫిళ్ళు తెచ్చి, క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) ముందు ఒకే రకం తూటాలతో వేగం కొలుచుకున్నారు. ఒకే పొడవున్న బ్యారెళ్ళు కూడా ఒకే వేగం ఇవ్వలేదు. చాంబర్ కొలతలు, లోపలి నునుపు, అరుగుదల ఒక్కో రైఫిల్‌కూ ఒక్కోలా ఉంటాయి మరి. అందుకే ఆ అంకెలను పొడవు వారీ పట్టికగా అచ్చువేయడం లేదు. వేస్తే తేడా మొత్తాన్నీ పొడవు ఖాతాలో రాసినట్టవుతుంది. దూరానికి కొట్టేవాళ్ళు సగటు వేగం కన్నా తూటాకూ తూటాకూ మధ్య వేగంలో తేడాను చూసుకోవడం మేలు. పైన చెప్పిన .308కి సెకనుకు 30 అడుగుల తేడా అంటే వెయ్యి గజాల దగ్గర నిలువున సుమారు 25 సెంటీమీటర్లు.

చరిత్ర ప్రసంగం

1874లో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్‌లో అమెరికా, ఐర్లండ్ జట్లు 800, 900, 1,000 గజాల్లో తలపడిన పోటీ గురించి ఒక సీనియర్ సభ్యుడు మాట్లాడారు. అమెరికన్లవి వెనక నుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్ళు. ఐర్లండ్ వాళ్ళవి ముందు నుంచి నింపే రిగ్బీలు. 934-931తో అమెరికా గెలిచింది. ఐరిష్ షూటర్ ఒకరు పక్క టార్గెట్ మధ్యలో కొట్టి సున్నా తెచ్చుకున్నారు. 1876లో మొదలైన పామా అనే దూరపు రైఫిల్ పోటీలకు ఇదే మూలం. ఇప్పటి పామా షూటర్లు .308లో 155 గ్రెయిన్ బుల్లెట్‌తో, ఇనుప సైట్లతో కొడతారు. తేలిక బుల్లెట్ వెయ్యి గజాల దాకా ధ్వని వేగం పైనే ఉండాలి కాబట్టి వాళ్ళకు 30 అంగుళాల బ్యారెల్ మామూలు.

తీసుకున్న నిర్ణయాలు

వెయ్యి గజాల కోసం కొనే సంఘం రైఫిళ్ళకు 26 అంగుళాల మందపాటి బ్యారెళ్ళు, 600 గజాల లోపు శిక్షణ రైఫిళ్ళకు 22 అంగుళాలవి వేయిస్తాం. ఎఫ్-టీఆర్ అనే పోటీ విభాగంలో రైఫిల్ బరువు స్కోప్, బైపాడ్‌తో (ముందు రెండు కాళ్ళ ఆనుతో) కలిపి 8.25 కిలోలు దాటకూడదన్న నిబంధన ఉంది. ఆ విభాగానికి పొడుగు బ్యారెల్ ఎంచుకునేవాళ్ళు ముందు తూకం వేసుకోవాలి.

పొట్టి బ్యారెళ్ళ చప్పుడు మీద ఫిర్యాదులు వచ్చాయి. అవి న్యాయమైనవే. బ్యారెల్ పొట్టిదైతే వాయువు ఇంకా ఎక్కువ ఒత్తిడితో బయటపడుతుంది, దానికి మజిల్ బ్రేక్ (వెనక్కి తన్నే దెబ్బ తగ్గించడానికి వాయువును పక్కలకు మళ్ళించే కొస తొడుగు) తోడైతే పక్కవాళ్ళ పని అయిపోయినట్టే. ఇకనుంచి బ్రేక్ ఉన్న రైఫిళ్ళు ఫైరింగ్ లైన్ చివరి స్థానాల్లోనే. అక్కడ చెవుల్లో ప్లగ్గులు, వాటి మీద మఫ్‌లు, రెండూ తప్పనిసరి.

సొంత బ్యారెల్ కోయించి పొట్టి చేయించుకోవాలనుకునేవాళ్ళు ముందు స్థానిక చట్టం ఏమంటుందో లైసెన్సు అధికారి దగ్గర కనుక్కోండి. కోసిన కొసను గన్‌స్మిత్ చేత మళ్ళీ క్రౌన్ చేయించాలి, అంటే బుల్లెట్ బయటపడే అంచును సమంగా నునుపు చేయించాలి. అక్కడ చిన్న గీత పడినా పొడవు గురించి మనం చేసిన లెక్కలన్నీ దండగ.

వచ్చే ఏడాది

పొడవు ప్రభావాన్ని నిజంగా కొలవాలంటే ఒకే బ్యారెల్‌ను అంగుళం చొప్పున కోస్తూ, ప్రతిసారీ క్రౌన్ చేసి, ఒకే బ్యాచ్ తూటాలతో వేగం చూడాలి. సంఘం రైఫిళ్ళ నుంచి తీసేస్తున్న .308 బ్యారెళ్ళలో ఒకదాన్ని ఇందుకు పక్కన పెట్టాం. అనుమతుల పని నడుస్తోంది. క్రోనోగ్రాఫ్ దగ్గర కూర్చుని అంకెలు రాసే ఓపిక ఉన్నవాళ్ళు సర్వసభ్య సమావేశం లోపు కార్యదర్శికి పేర్లు ఇవ్వండి.