కూలిన మేపుల్ చెట్టు, 15 మైళ్ల తేడా

ఒరేయ్ రాజూ,

జవాబు ఆలస్యమైందని తిట్టుకోకు. శనివారం పొద్దున మొదలుపెట్టి సోమవారం చీకటి పడేదాకా పొలాల్లో తిరుగుతూనే ఉన్నాను. రెండు కాళ్లకీ బొబ్బలే. ‘టోర్నడో చూశావా?’ అని ఫోన్లో అడిగావు కదా, చూడలేదురా. అది వచ్చిపోయాక మర్నాడు వెళ్లి, ఏమేం పడగొట్టిందో చూడటమే మా పని. నేషనల్ వెదర్ సర్వీస్ (అమెరికా వాతావరణ శాఖ) సర్వే బృందంతో పాటు నన్నూ ఇంజనీరుగా రమ్మన్నారు. సుడిగాలి అని రాయొచ్చుగానీ, ఆ మాట వింటే నాకు ఎండాకుల్ని గిరగిరా తిప్పే గాలే గుర్తొస్తుంది, అందుకే టోర్నడో అంటున్నాను.

గాలి వేగం కొలిచి టోర్నడోకి రేటింగ్ ఇస్తారని నువ్వనుకుంటున్నావు. అలా కాదు. కొలిచే పరికరం సరిగ్గా దాని దారిలో ఉండటం ఎప్పుడో గానీ జరగదు. అందుకని లెక్క వెనక్కి నడుస్తుంది: ఏది విరిగింది, అది విరగాలంటే ఎంత గాలి కావాలి అని. 1971లో షికాగో యూనివర్సిటీ ప్రొఫెసర్ టెట్సుయా ఫుజిటా తెచ్చిన స్కేలు ఇది. దాన్నే సవరించి 2007 ఫిబ్రవరి నుంచి అమెరికాలో ఈఎఫ్ (ఎన్‌హాన్స్‌డ్ ఫుజిటా, అంటే మెరుగుపరిచిన ఫుజిటా) స్కేల్ పేరుతో వాడుతున్నారు. ఇళ్లు, షెడ్లు, స్తంభాలు, చెట్లు ఇలా 28 రకాలకి, దేనికి ఎంత దెబ్బ తగిలితే ఎంత గాలి వీచినట్టో పట్టికలున్నాయి. గంటకి 65 నుంచి 85 మైళ్లయితే 0, 86 నుంచి 110 అయితే 1. అలా 5 దాకా పోతుంది. వచ్చే టోర్నడోల్లో ఎక్కువ భాగం ఈ 0, 1 రకాలే.

తలనొప్పంతా ఈ చిన్నవాటితోనే. ఇల్లు లేచిపోయి పునాది ఒక్కటే మిగిలితే ఎవరికైనా తెలుస్తుంది. నాలుగు కొమ్మలు, పది షింగిల్స్ (ఇంటి కప్పు మీద పరిచే పలకలు), ఒక రేకు పడితే ఏం చెబుతాం? అసలది టోర్నడోనేనా అన్నదే మొదటి ప్రశ్న. ఉరుముల మబ్బులోంచి గాలి ఒక్కసారిగా కిందికి దూకి నేలకి తగిలి నలుదిక్కులకీ పరుచుకున్నా చెట్లు కూలతాయి. కాకపోతే ఆ గాలికి చెట్లు విసనకర్రలా విచ్చుకుని పడతాయి, టోర్నడోకి లోపలికి ముడుచుకుని పడతాయి.

నేను పరువు పోగొట్టుకున్నది ఇక్కడే. కంచె పక్కన డజను చెట్లు, అన్నీ ఈశాన్యం వైపే తలలు పెట్టి పడున్నాయి. చూడగానే ‘ఇది టోర్నడో కాదండీ, మామూలు ఈదురుగాలి’ అని పొలం ఆయనకి చెప్పేశాను కూడా. మా బృందంలోని పెద్దాయన ఏమీ అనకుండా కాలువ దాటించి అవతలికి తీసుకెళ్లాడు. అక్కడ మూడే చెట్లు, మూడూ దక్షిణానికి, అంటే మేం వచ్చిన వైపుకి పడున్నాయి. అన్నిటి తలలూ కలిపి చూస్తే మధ్యలో ఒక దారి కనిపించింది. భూమికి ఈ ఉత్తర సగంలో టోర్నడోలు దాదాపు అన్నీ గడియారానికి ఎదురుగా తిరుగుతాయి. కాబట్టి అది వెళ్లే దారికి కుడిపక్కన తిరిగే వేగం, నడిచే వేగం కలిసిపోయి చెట్లు అది వెళ్లే వైపుకే పడతాయి, ఎడమపక్కన ఆ రెండు వేగాలూ ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. నేను కుడిపక్క మాత్రమే చూసి తీర్పు చెప్పేశానన్నమాట. మళ్లీ పొలం ఆయన దగ్గరికెళ్లి మాట మార్చుకోవాల్సి వచ్చింది.

తర్వాత మేపుల్ చెట్టు. నిండైన మాను, వేళ్లతో సహా లేచి పడింది. పట్టిక ప్రకారం అలాంటి చెట్టు వేళ్లతో కూలితే 91 మైళ్లు, అంటే 1. నేను నోట్సులో రాసేసుకున్నాను. పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని, పైకి లేచిన ఒక లావు వేరుని బొటనవేలితో నొక్కాడు. తడిసిన అట్టముక్కలా పొడిపొడిగా రాలింది. లోపలంతా పుచ్చిపోయింది, పైగా నేల నాలుగు రోజుల వానకి నానిపోయి ఉంది. అలాంటప్పుడు పట్టికలో అదే దెబ్బకి ఇచ్చిన కింది హద్దు అంకె తీసుకోవాలి: 76. అంతే, 1 కాస్తా 0 అయిపోయింది. పక్కింటి కప్పు మీద లేచిన షింగిల్స్ ఐదో వంతుకి తక్కువే, అదీ 79 దగ్గరే ఆగింది. చివరికి 80 అని రాశాం.

పొలం ఆయనకి కోపం వచ్చింది. ‘నా షెడ్డు పోయింది, మీరు జీరో అంటారా?’ అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేం. జీరో అంటే ఏమీ లేనట్టే వినిపిస్తుంది. నన్నడిగితే లెక్క 1 నుంచి మొదలుపెట్టాల్సింది. ఆ షెడ్డు స్తంభాలకి కింద కాంక్రీటు లేదు, ఉత్త మట్టిలో పాతారు. ఆ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం నాకు చాల్లేదు.

ఇంకో తమాషా. దారిలో ఏమీ లేని బయలు మీదుగా వెళ్లిపోతే అంకె ఇవ్వకుండా ‘యూ’ అని రాస్తారు, తెలియదు అని. నాకైతే అదే నిజాయితీగా అనిపిస్తుంది. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రెనోలో 2.6 మైళ్ల వెడల్పు టోర్నడో వచ్చింది. లారీ మీద పెట్టిన రాడార్లో గాలి 5 స్థాయిలో కనిపించినా, ఎక్కువగా పొలాల మీదుగా పోయింది కాబట్టి జరిగిన నష్టాన్ని బట్టి 3 దగ్గరే ఉంచారు.

ఫొటోలు పంపుతున్నాను. మూడో దాంట్లో చెట్లు చూసి, అది ఎటు నుంచి ఎటు వెళ్లిందో చెప్పు. తప్పు చెప్పినా నవ్వనులే, ఆ ఫొటో తీసేటప్పుడు నేనూ తప్పే చెప్పాను.

నీ
వేణు