మొదటి కాన్పు ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనేనా?

సంపాదకులకు నమస్కారాలు.

మొదటి కాన్పు సిజేరియన్ అయిన స్త్రీ రెండోసారి నెల తప్పితే, ఇంట్లోవాళ్లు గానీ ఆసుపత్రివాళ్లు గానీ ఆపరేషన్ ఏ తేదీన పెట్టుకుందామని అడుగుతారే తప్ప, ఆపరేషన్ అవసరమా అని అడగరు. నాకూ అదే ఎదురైంది. అయినా ఈ ఏడాది నా రెండో బిడ్డను ప్రభుత్వ ఆసుపత్రిలో మిడ్‌వైఫ్, అంటే కాన్పులు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు, చేతుల మీదుగా సహజంగా కన్నాను. ఆ క్రమంలో నా కంటపడిన ఒక లోపాన్ని, అంటే మొదటి ఆపరేషన్ వివరాలను డిశ్చార్జి కాగితంలో రాసి ఇవ్వకపోవడాన్ని, పెద్దగా ఖర్చు లేకుండా సరిచేయగలిగిన లోపాన్ని, మీ పత్రిక ద్వారా వైద్య ఆరోగ్య శాఖ దృష్టికి తేదలచాను.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, మన తెలంగాణలో 60.7. మన రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రులను మాత్రమే లెక్కిస్తే అది 80 దాటింది. మా కరీంనగర్ జిల్లా సగటే 80కి పైన ఉంది. ఇన్ని లక్షల మంది తల్లుల పొట్టమీద ఇప్పటికే ఒక కోత ఉన్నప్పుడు, సిజేరియన్లు తగ్గించాలన్న మాట మొదటి కాన్పుతోనే ఆగిపోకూడదు.

నా మొదటి కాన్పు పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అయింది. ఉమ్మనీరు తగ్గిందని, నొప్పులు రాకముందే ఆపరేషన్ చేయాలని చెప్పారు. రెండు తేదీలు ఇస్తే మా ఇంట్లోవాళ్లు పంతులుగారిని అడిగి ముహూర్తం చూసి ఒకటి ఎంచుకున్నారు. కాబట్టి తప్పంతా ఆసుపత్రిదేనని నేను అనలేను. డిశ్చార్జి కాగితం మీద మాత్రం ఆపరేషన్ తేదీ, బిడ్డ బరువు, మందుల పేర్లు తప్ప మరేమీ లేవు.

రెండోసారి ఐదో నెలలో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లినప్పుడు అక్కడి మిడ్‌వైఫ్ మొట్టమొదట అడిగింది ఆ కాగితాన్నే. గర్భసంచి మీద కోత అడ్డంగా కింది భాగంలో పెట్టారా, నిలువుగా పెట్టారా, ఆపరేషన్‌కు అసలు కారణమేమిటి, ఆ తర్వాత జ్వరం గానీ చీము గానీ వచ్చాయా అని ఆమె అడుగుతుంటే, నా శరీరం గురించే అయినా ఒక్కదానికీ నా దగ్గర సమాధానం లేదు. పొట్టమీద కనిపించే మచ్చను బట్టి లోపలి కోత ఎలాంటిదో చెప్పలేమని అప్పుడే నాకు తెలిసింది. పాత ఆసుపత్రి చుట్టూ మా ఆయన మూడుసార్లు తిరిగితే గానీ ఆ వివరాలు చేతికి రాలేదు. అంత ఓపిక గానీ తిరిగే వీలు గానీ లేని కుటుంబమైతే ఆ దశలోనే ఆపరేషన్‌కు ఒప్పుకుని ఊరుకునేది.

కింది భాగంలో ఒకే ఒక అడ్డకోత ఉండి, మొదటిసారి ఆపరేషన్‌కు దారితీసిన కారణం మళ్లీ లేకుండా, బిడ్డ తల కిందికి తిరిగి ఉన్నప్పుడు సహజ కాన్పుకు ప్రయత్నించిన వారిలో నూటికి 60 నుంచి 80 మందికి అది సాధ్యమవుతుందని వైద్యశాస్త్రం చెబుతోంది. నొప్పుల సమయంలో పాత కుట్టు విడిపోయే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది. అది చిన్న మాట కాదు. అందుకే నేను ఇంటి కాన్పును సమర్థించడం లేదు. మా అత్తమ్మ నలుగురినీ ఇంట్లోనే మంత్రసాని చేతిలో కన్నది, వారిలో ఒకరు దక్కలేదు. ఆపరేషన్ థియేటర్, రక్తం, డాక్టరు అందుబాటులో ఉన్న చోట, శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ పక్కన ఉండగా జరిగే కాన్పు గురించే నా మాట.

ఆ రాత్రి తొమ్మిది గంటల సేపు ఆ మిడ్‌వైఫ్ నన్ను వదిలి వెళ్లలేదు. బిడ్డ గుండె చప్పుడును యంత్రం మీద కనిపెడుతూనే, మంచం పట్టి వేలాడమంది, మోకాళ్ల మీద వంగమంది, మా అమ్మను లోపలికి రానిచ్చి నడుము రుద్దించింది. డాక్టరు గారు మూడుసార్లు వచ్చి చూసి వెళ్లారు. ఎవరూ కసరలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. తెల్లవారుజామున పుట్టిన పాపను బొడ్డు కోయకముందే నా గుండెల మీద పడుకోబెట్టారు. మొదటిసారి పది రోజులు ఒకరి చేయి పట్టుకోనిదే మంచం దిగలేకపోయిన నేను ఈసారి ఆ సాయంత్రానికే లేచి నడిచాను.

మన రాష్ట్రం 2017లోనే ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌ల సహకారంతో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది, మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ప్రకటించింది. 18 నెలలు శిక్షణ ఇచ్చిన మనిషిని మామూలు వార్డు పనులకు వేయకుండా కాన్పుల గదిలోనే ఉంచాలి. పగలే కాదు, రాత్రి విధుల్లోనూ ఒకరు తప్పక ఉండాలి, ఎందుకంటే నొప్పులు వేళ చూసుకుని రావు.

అన్నిటికంటే ముందు ఆ కాగితం సంగతి చూడాలి. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా సిజేరియన్ చేసిన ప్రతి ఆసుపత్రీ గర్భసంచి మీద పెట్టిన కోత రకాన్ని, ఆపరేషన్‌కు కారణాన్ని, తర్వాతి కాన్పుపై డాక్టరు అభిప్రాయాన్ని డిశ్చార్జి కాగితంలో తెలుగులో రాసి తల్లి చేతికి ఇవ్వాలని, మాతా శిశు రక్షణ కార్డులోనూ అవే వివరాలు నమోదు చేయాలని వైద్య ఆరోగ్య శాఖ వెంటనే ఉత్తర్వులు జారీ చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కరీంనగర్ జిల్లా