2024–25 వార్షిక నివేదిక: మన పిల్లలు యాభై ఓవర్లు ఆడిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదికలో సింహభాగం ఒక్క పని గురించే. మన తిరుపతి పిల్లల చేత లెదర్ బాల్‌తో యాభై ఓవర్ల క్రికెట్ మ్యాచ్‌లు ఆడించాం. మిగతా కార్యక్రమాలు చివర్లో క్లుప్తంగా చెబుతాను.

పోయిన వేసవిలో సెలక్షన్లకు వెళ్లిన మన కుర్రాళ్లు ఎందుకు వెనక్కి వచ్చారో మీకు గుర్తుండే ఉంటుంది. సందుల్లో, ఖాళీ ప్లాట్లలో టెన్నిస్ బాల్‌తో పది ఓవర్ల ఆటలు ఆడి పెరిగిన పిల్లలు వాళ్లు. సిక్సర్ కొట్టడం బాగా వచ్చు. పదిహేనో ఓవర్ దాటాక సింగిల్ తీసి అవతలి ఎండ్‌కు వెళ్లి నిలబడటం మాత్రం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. అది వాళ్ల తప్పు కాదు, మనమే నేర్పలేదు. అందుకే జూన్ సమావేశంలో ఒక తీర్మానం చేశాం: డిసెంబరులో రాష్ట్ర జట్లు ఆడే యాభై ఓవర్ల టోర్నీ విజయ్ హజారే ట్రోఫీ మొదలయ్యేసరికి మనవాళ్లు కూడా యాభై ఓవర్లు ఆడాలి, ఆ టోర్నీని పక్కన స్కోరుబుక్ పెట్టుకుని చూడాలి.

ఆ పేరు చెప్పగానే ఒక పిల్లవాడు అడిగాడు, “హజారే అంటే ఎవరు సార్?” అని. ఆ ప్రశ్న కోసమే ఒక సాయంత్రం కేటాయించాం. 1915లో సాంగ్లీలో పుట్టిన విజయ్ హజారే కెప్టెన్‌గా ఉన్నప్పుడే భారత్ తన మొట్టమొదటి టెస్టు విజయం సాధించింది. అది 1952 ఫిబ్రవరిలో, మనకు దగ్గరి చెన్నై చెపాక్‌లో, ఇంగ్లండ్ మీద. వినూ మన్కడ్ ఆ మ్యాచ్‌లో పన్నెండు వికెట్లు తీశాడు. అంతకు నాలుగేళ్ల ముందు అడిలైడ్‌లో బ్రాడ్‌మన్ కెప్టెన్‌గా ఉన్న ఆస్ట్రేలియా జట్టు మీద హజారే రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు కొట్టాడు, 116, 145. ఈ టోర్నీ 1993–94లో జోన్ల వారీగా మొదలై 2002–03 నుంచి జాతీయ స్థాయిలో జరుగుతోంది. ఇప్పుడు 38 జట్లు ఆడుతున్నాయి. మన ఆంధ్ర జట్టు ఇంతవరకు కప్పు గెలవలేదు. 2017–18లో సెమీఫైనల్ దాకా వెళ్లి సౌరాష్ట్ర చేతిలో ఓడిపోయింది. ఆ మాట విన్న పిల్లల ముఖాలు చూస్తే నాకు బాధ కన్నా ఆశే ఎక్కువ కలిగింది.

సెప్టెంబరు 15 ఆదివారం అనంతపురం వెళ్లొచ్చాం. ఆర్‌డీటీ మైదానంలో దులీప్ ట్రోఫీ జరుగుతోంది. అది నాలుగు రోజుల ఆటే అయినా, దేశవాళీ క్రికెట్‌ను కళ్లతో చూడటానికి మనకు దొరికిన అవకాశం అదే. రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి దిగాం. ఆ రోజు మన రికీ భుయ్ ఇండియా డి అనే జట్టు తరఫున 113 పరుగులు చేశాడు. జట్టు 186 పరుగుల తేడాతో ఓడిపోయింది. అయినా ఓడిపోతున్న మ్యాచ్‌లో ఒక ఆంధ్ర ఆటగాడు ఆంధ్ర నేల మీద అంతసేపు నిలబడి ఆడటం పిల్లలు దగ్గరి నుంచి చూశారు. తిరుగు ప్రయాణంలో ఎవరూ నిద్రపోలేదు.

మన మ్యాచ్‌లు డిసెంబరులో మొదలుపెట్టాలనుకున్నాం. వానలు కొన్ని ఆదివారాలు తినేశాయి. రెండుసార్లు ముందు ఒప్పుకున్న మైదానం ఆఖరి నిమిషంలో దక్కలేదు. అప్పటికే పిల్లలు తెల్లబట్టలు వేసుకుని వచ్చి కూర్చున్నారు. వాళ్లను వెనక్కి పంపించడం నాకు ఈ ఏడాది అన్నిటికన్నా కష్టమైన పని. మొత్తానికి నాలుగు మ్యాచ్‌లు ఆడగలిగాం. మొదటి దాంట్లో ఒక జట్టు పంతొమ్మిది ఓవర్లకే ఆలౌటైంది. పొద్దున మంచుకు మ్యాటింగ్ కింద నేల తడిగా ఉండి బంతి ఒకటి లేస్తే ఒకటి జారేది. టాస్ గెలిస్తే ఫీల్డింగ్ ఎందుకు తీసుకుంటారో పిల్లలకు ఆ పూటే అర్థమైంది.

లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైన మన పెద్ద సభ్యులు స్కోరుబుక్ రాయడం నేర్పించారు. పరుగు రాని చుక్క బంతులను ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టమన్నారు. మొదటి మ్యాచ్ పేజీ అంతా ఎరుపే. వాటిలో సగం సింగిల్స్ అయ్యుంటే ఎన్ని పరుగులొచ్చేవో పిల్లలే కూడి చూసుకున్నారు. నాలుగో మ్యాచ్‌లో రెండు జట్లూ యాభై ఓవర్లూ ఆడాయి. నాకు గెలిచిన జట్టు కన్నా ఆ విషయమే ఎక్కువ సంతోషం కలిగించింది.

జనవరి 8 రాత్రి మన తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. ఊరంతా బరువెక్కింది. ఆ ఆదివారం ఆట పెట్టలేదు. పిల్లలతో కలిసి మౌనం పాటించాం.

ఈసారి విజయ్ హజారేలో పిల్లల మనసు దోచుకున్నవాడు విదర్భ బ్యాటర్ కరుణ్ నాయర్. వరుసగా 112, 44, 163, 111, నాలుగుసార్లూ నాటౌట్. ఆ తర్వాత 112కు అవుటయ్యేదాకా అవుట్ కాకుండా 542 పరుగులు. లిస్ట్–ఏ క్రికెట్‌లో, అంటే దేశవాళీ, అంతర్జాతీయ వన్డే మ్యాచ్‌లన్నీ కలిపి, అది ప్రపంచ రికార్డు. టోర్నీ మొత్తంలో ఎనిమిది ఇన్నింగ్స్‌లో 779 పరుగులు, రెండేసార్లు అవుట్. ఒకప్పుడు టెస్టుల్లో 303 కొట్టి, ఆ తర్వాత జట్టుకు దూరమైన ఆటగాడు. జనవరి 18న వడోదరలో జరిగిన కర్ణాటక, విదర్భ ఫైనల్‌ను అందరం కలిసి ప్రొజెక్టర్ మీద చూశాం. కర్ణాటక మూడు వికెట్లు పోగొట్టుకున్నాక స్మరణ్, శ్రీజిత్ కలిసి 160 పరుగులు జోడించారు. స్మరణ్ 101 చేశాడు. ఎర్ర పెన్ను పట్టుకున్న కుర్రాళ్లు ఆ భాగస్వామ్యం రాస్తూ, చుక్కలు ఎంత తక్కువగా ఉన్నాయో పేజీ తిప్పి మరీ చూపించారు. కరుణ్‌ను ప్రసిద్ధ్ కృష్ణ 27కే బౌల్డ్ చేశాడు. కర్ణాటక 36 పరుగుల తేడాతో గెలిచి ఐదోసారి కప్పు తీసుకుంది.

ఆ మధ్యలోనే డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాతో టెస్టులో మన నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ చేశాడు. అప్పుడు అవతలి ఎండ్‌లో ఆఖరి బ్యాటర్ సిరాజ్ ఉన్నాడు. ఆంధ్ర జట్టులో ఆడి అక్కడి దాకా చేరినవాడు కనుక ఆ రోజు మిఠాయిల ఖర్చు సంఘం ఖాతాలోనే రాశాం, సభ్యులు ఆమోదించాలి.

మిగతావి: ఎప్పటిలాగే రక్తదాన శిబిరం జరిగింది. పాత ప్యాడ్లు కుట్టించాం. కోశాధికారి విడిగా లెక్కలు చదువుతారు. ఎక్కువ డబ్బు హెల్మెట్లకే పోయింది. దాని మీద విమర్శ వచ్చింది కానీ, లెదర్ బాల్ ముందు హెల్మెట్ లేని పిల్లవాడిని నేను క్రీజులోకి పంపలేను.

ఒక కోరిక. మన పొరుగున ఉన్న కడప జిల్లా అమ్మాయి చరణిని మహిళల ప్రీమియర్ లీగ్ డిసెంబరు వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ 55 లక్షలకు తీసుకుంది. ఆ వార్త చదివి మన వీధుల నుంచి ముగ్గురు ఆడపిల్లలు నెట్స్‌కు వచ్చారు. వాళ్లకు సరిపోయే ప్యాడ్లు, గ్లవ్స్ మన దగ్గర లేవు. మగపిల్లల ప్యాడ్లు కట్టుకుని పరిగెడుతుంటే మోకాళ్లకు తగులుతున్నాయి. రెండు సెట్లు కొనాలి. ఇవ్వగలిగినవారు ఈ సమావేశం ముగిసేలోగా కోశాధికారి దగ్గర పేరు రాయించండి.

కార్యదర్శి,
తిరుపతి