టీ గ్లాసు కింద కాగితం

గాజువాక, విశాఖపట్నం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. రాద్దామని కూర్చున్నప్పుడల్లా నెలాఖరు లెక్కలు మీద పడ్డాయి. "ఎప్పుడూ రిపోర్టులంటావు, వాటిని ఎవడైనా చదువుతాడా?" అన్నావు కదా. సగం ఎవరూ చదవరురా!

ఆటోనగర్‌లో మాది మోటార్లు, పంపుల వ్యాపారం. పొద్దున పదికల్లా నిన్నటి అమ్మకాలు, అయిపోవచ్చిన సరుకు ఒక్క పేజీలో ఓనర్ గారి టేబుల్ మీద ఉండాలి. అది చూశాకే గోడౌన్‌కి ఫోన్ చేస్తారు. నెలకోసారి బ్యాంకుకి స్టాక్ స్టేట్‌మెంట్, అంటే ఉన్న సరుకు, రావలసిన బాకీల లెక్క. దాన్ని బట్టే సీసీ ఖాతాలో, అంటే వాటి మీద బ్యాంకిచ్చే క్యాష్ క్రెడిట్ అప్పులో, ఎంత వాడుకోవచ్చో వాళ్లు తేలుస్తారు. ప్రైవేట్ లిమిటెడ్ కాబట్టి ఏటా బోర్డు రిపోర్టు, ఏజీఎం (వాటాదార్ల వార్షిక సమావేశం) అయిన 30 రోజుల్లో బ్యాలెన్స్ షీట్ ఫైలింగ్. ఆ టెన్షన్ ఆడిటర్ గారిది, నాది కాదు.

నా ప్రాణమంతా ఏజింగ్ రిపోర్టు మీదే. ఎవరు ఎంత బాకీ అని కాదు, ఎన్నాళ్ల నుంచి బాకీ అని. 30 రోజుల లోపు, 60, 90, ఆపైన: నాలుగు గళ్లు. ఏప్రిల్‌లో అమ్మకాలు జోరుగా ఉన్నాయని ఆఫీసంతా స్వీట్లు పంచారు. అదే వారం చూస్తే ఆఖరి గడి ఉబ్బిపోతోంది. ఒకే పార్టీ! సరుకు ఎత్తుతూనే ఉన్నాడు, పైసా కట్టడు. మా సేల్స్ కుర్రాడికి టార్గెట్ గోల, ఇస్తూనే ఉన్నాడు. 90 దాటిన బాకీలను చాలా బ్యాంకులు లెక్కలోకి తీసుకోవు కదా, మా లిమిట్ కూడా తగ్గింది.

ఆ సంగతి రెండు నెలలపాటు నా రిపోర్టు ఆరో పేజీలోనే పడి ఉంది. తప్పు నాదే. ఓనర్ గారు మొదటి పేజీ చూసి సంతకం పెట్టేస్తారని తెలుసు కదా! మూడో నెల ఆ పేరు, మొత్తం, రోజులు చిన్న కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆయన టీ గ్లాసు కింద పెట్టాను. గ్లాసు ఎత్తారు, చదివారు, టీ చల్లారిపోయింది. మధ్యాహ్నానికల్లా సరుకు ఆపేశారు. సేల్స్ కుర్రాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎక్సెప్షన్ రిపోర్టంటే, మామూలుగా లేనిదాన్ని మాత్రమే ఎత్తి చూపేది, అని బీకాంలో బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నానే, అది ఇదేరా.

నీ షాపుకి మాత్రం ఇవన్నీ ఎందుకు? రోజు పుస్తకం, ఆ నాలుగు గళ్లు పెట్టుకో. మీ బావమరిది బాకీ కూడా అందులో రాయి, మొహమాటపడకు.

ఆ పార్టీ సగం కట్టాడు, మిగతాదానికి చెక్కులిచ్చాడు. సోమవారం మొదటిది బ్యాంకులో వేయాలి. ఆదివారమే వచ్చేయరా, ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ మాట్లాడుకుందాం. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
రవి