మెత్తటి రోబోల అధ్యయన సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సమయంలో ఎక్కువ భాగం ఒకే వస్తువుకు పెట్టాం: గాలి ఎక్కిస్తే వంగే సిలికోన్ వేలు. 2011లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం చూపిన నాలుగు కాళ్ల మెత్తటి రోబో నడిచింది ఈ సూత్రం మీదే. పైన వరసగా గాలి గదులు, అడుగున సాగని కాగితమో గుడ్డో పొదిగిన పొర. గదులు సాగుతాయి, అడుగు సాగదు. అందుకే వేలు అడుగు వైపు వంగుతుంది. లీకవ్వని వేలు పోత పోయడం వస్తే పట్టుకునే చెయ్యీ, పాకే రోబో కూడా చేతికందినట్టే.

పోత శిక్షణలో ఎకోఫ్లెక్స్ 00-30 అనే, రెండు ద్రవ భాగాలు కలిపితే గట్టిపడే మెత్తటి సిలికోన్ వాడాం. ఎ, బి భాగాలను సమంగా తూచి, గిన్నె అంచులూ అడుగూ గీకుతూ కనీసం మూడు నిమిషాలు కలపాలి. గీకకపోతే కలవని చారలు మిగిలి, అక్కడ ఎన్నాళ్లున్నా జిగట పోదు. కలిపాక 45 నిమిషాల్లోపు పోసేయాలి. 23 డిగ్రీల దగ్గర గట్టిపడడానికి 4 గంటలు పడుతుంది. బుడగలు పోవడానికి వాక్యూమ్‌లో పెడితే మిశ్రమం బాగా పొంగుతుంది కాబట్టి గిన్నెలో పావు వంతు మించకూడదు.

ఎక్కువమంది అడిగిన ప్రశ్న: అన్నీ సరిగ్గా కలిపినా అచ్చుకు తగిలిన వైపు జిగటగా ఎందుకుంటోంది? ఇది ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపడే సిలికోన్. లేటెక్స్ గ్లౌజులు, గంధకం ఉన్న క్లే, రెజిన్ ప్రింటర్ అచ్చుల్లో మిగిలిన పచ్చి రెజిన్ ఆ ఉత్ప్రేరకాన్ని పనిచేయనివ్వవు. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, అచ్చును పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో 3డి ప్రింటర్‌లో ముద్రించుకోండి. త్వరగా గట్టిపడాలని 60 డిగ్రీల ఓవెన్‌లో పెడితే మాత్రం పీఎల్ఏ మెత్తబడి అచ్చు వంకరపోతుంది.

అసలు కష్టమంతా గదులున్న పైభాగాన్ని అడుగు పొరకు అతికించే దగ్గరే. పరిచిన తడి సిలికోన్ మందమైతే గాలి దారిలోకి పాకి మూసేస్తుంది, పలచనైతే అంచున సందు మిగులుతుంది. మిల్లీమీటరు మందాన పరిచి, కాస్త చిక్కబడ్డాక, నొక్కకుండా పైభాగాన్ని ఉంచడం మేలు. అంతకుముందే వేలి జిడ్డు, అచ్చుకు కొట్టిన స్ప్రే పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. సూపర్ గ్లూ సిలికోన్‌ను పట్టుకోదు. నీళ్లలో ముంచి గాలి ఎక్కిస్తే లీకు ఎక్కడో బుడగలే చెబుతాయి.

మొదటి పరీక్ష పంపుతో వద్దు, 60 మి.లీ. సిరంజితో చేయండి. గోడ పలచనైన గది ఒక్కటే ఉబ్బుతుంది. ఉబ్బేకొద్దీ ఇంకా పలచనై గాలంతా అటే లాక్కుంటుంది. పంపు కట్టేసేలోపే పగిలిపోతుంది. సిరంజిలోనైతే గాలికి హద్దు ఉంటుంది.

అధ్యయన సమావేశాల్లో రోబోబీని, అంటే హార్వర్డ్‌లో చేసిన, పురుగంత ఎగిరే రోబోను తీసుకున్నాం. బరువు సుమారు 80 మిల్లీగ్రాములు, రెక్కల విస్తారం 3 సెంటీమీటర్లు, సెకనుకు సుమారు 120 సార్లు రెక్కాడిస్తుంది. 2013లో అదుపులో ఎగిరినా కరెంటు తీగతోనే. సౌర పలకలతో తీగ లేకుండా ఎగిరింది 2019లో, అదీ సూర్యకాంతికి సుమారు మూడు రెట్ల వెలుగులో, ఒక్క క్షణంపాటు. వోల్టేజీ ఇస్తే వంగి రెక్కలాడించే పిజో కండరం కంటే దానికి కావలసిన అధిక వోల్టేజీని, శక్తిని మోయడమే ఈ రంగంలో పెద్ద చిక్కు అని మా అభిప్రాయం. అంత చిన్న సైజులో బేరింగుల రాపిడి శక్తినంతా మింగేస్తుంది. అందుకే కీళ్లను కార్బన్ ఫైబర్ పలకల మధ్య పాలీఇమైడ్ అనే పలచని ప్లాస్టిక్ పొరతో, మడతలా చేస్తారు.

ఈ మడత కీలు తయారీయే వచ్చే ఏడాది మొదటి శిక్షణ. పోత అచ్చుల ఫైళ్లు సభ్యుల ఫోల్డర్‌లో ఉన్నాయి; మార్పులు చేసినవారు గోడ మందం, వాడిన సిలికోన్, అది తట్టుకున్న పీడనం రాసి పెట్టాలని కోరుతున్నాం.