ఆఫ్రికాన్స్ తెల్లవారి సొత్తేమీ కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. దక్షిణాఫ్రికా భాషల మీద ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. డచ్చి భాష నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్‌ను వర్ణవివక్ష పాలకుల భాషగా చూపించి, 1976 జూన్ 16న జొహానెస్‌బర్గ్ పక్కనున్న నల్లవారి పేట సొవెటోలో విద్యార్థుల మీద జరిగిన కాల్పులతో ముగించేశారు. బడుల్లో ఆ భాషను బలవంతంగా రుద్దినందుకే పిల్లలు వీధుల్లోకి వచ్చారు, అందులో అనుమానం లేదు. కానీ ఇవాళ ఇళ్లలో ఆఫ్రికాన్స్ మాట్లాడేవారిలో సగానికి పైగా తెల్లవారు కారు. వ్యాసంలో ఆ సంగతి లేదు, వాళ్లలోంచే వచ్చిన కవి, నాటక రచయిత ఆడమ్ స్మాల్ పేరు అసలే లేదు.

లాంగెన్‌హోవెన్ లాంటి రచయితల పోరాటంతో 1925లో ఆ భాషకు అధికార హోదా వచ్చిందని రాశారు, బాగుంది. అయితే కేప్‌టౌన్ పేటల్లో బానిసల వారసులు మాట్లాడే ఆఫ్రికాన్స్ యాస 'కాప్స్'కి మాత్రం ఎగతాళే మిగిలింది. (ఆ బానిసల్లో మన కోరమాండల్ తీరం నుంచి డచ్చివారు ఓడలెక్కించినవారూ ఉన్నారు.) స్మాల్ 1961 నుంచీ ఆ యాసలోనే కవిత్వం అచ్చేశాడు. ఇది నవ్వించడానికి పుట్టిన యాస కాదు, మా వాళ్లు పుట్టినప్పటి ఏడుపు నుంచి చివరి ఊపిరి దాకా ఇందులోనే బతుకుతారని ముందుమాటలో వాదించాడు.

1965లో వచ్చిన ఆయన నాటకంలో మకీట్ అనే పేదరాలు కానా అనే అనాథను పెంచుతుంది. ఇంటిల్లిపాదీ వాడి మీదే ఆశలు పెట్టుకుంటారు. వాడు చదువుకుని కెనడాలో స్థిరపడి, ఆమె అంత్యక్రియలకు తిరిగొస్తాడు. పిల్లలు అమెరికాలో ఉన్న మన ఊళ్లవాళ్లకి ఈ కథ వేరే చెప్పక్కర్లేదు.

ఆయన దారి సాఫీగా ఏమీ సాగలేదు. ఈ యాస మనల్ని చులకన చేస్తుందని సొంతవాళ్లే కొందరు తప్పుబట్టారు. నల్లవారు తమను చూసి తాము గర్వపడాలని చాటిన నల్లజాతి చైతన్య ఉద్యమం ఊపులో 1975లో ఆయనే ఇంగ్లీషులో కవితలు రాశాడు. ఆఫ్రికాన్స్ సాహిత్యంలో అన్నిటికన్నా పెద్దదైన హెర్ట్జోగ్ బహుమతి 2012లో గానీ రాలేదు. ఇటీవలి రచనలకే ఇవ్వాలన్న నిబంధనను పక్కనపెట్టి మరీ ఇచ్చారు. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు. దీన్ని సన్మానం అనడానికి నాకు మనసొప్పదు, పాత బాకీ తీర్చుకున్నారంతే.

ఆయన ఫిలాసఫీ పాఠాలు చెప్పిన వెస్టర్న్ కేప్ విశ్వవిద్యాలయంలోనే 2021లో కాప్స్ నిఘంటువు పని మొదలైంది. దాని మీద, స్మాల్ మీద కూడా ఒక వ్యాసం వేయించండి. ఆ నాటకాన్ని తెలుగులోకి తెచ్చేవారెవరైనా ఉంటే మీ ఆదివారం సంచికలో చోటివ్వండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
గుంటూరు